ఇది చదువా, ఉద్యోగమా?



పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ నియామకాలు, పదవ తరగతి పరీక్షలు అంటూ వ్రాసుకునే నేను ఈసారి పీహెచ్‌డీల మాట ఎత్తుతున్నానేమని మీకు తోచవచ్చు. హోసూరు చుట్టుపక్కల తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు పదవ తరగతి దాటడమే ఒక గండం. డాక్టరేటు వారికెందుకని మీరు అడగకముందే, ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుకుంటూ వచ్చాను. ఆ ప్రశ్నలోనే నా తప్పు దాగి ఉన్నదని ఆలస్యంగా తెలిసింది. అది మీ ముందు ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

2011లో మా పాత విద్యార్థి ఒకడు తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వారి వంశంలో కళాశాల గడప తొక్కినవాడు అతడొక్కడే. బెంగళూరులో రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సీ. ముగించాడు. "సార్, ఇంకా పైకి చదవాలని ఉంది. రక్తపరీక్షల మీద, సెన్సర్ల మీద మా ప్రొఫెసరు చెప్పిన పాఠం మనసులో నుంచి పోవడం లేదు" అన్నాడు. తండ్రి నా ముఖం వంక చూశాడు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇంకా ఎన్నాళ్లు నాన్న మీద భారం వేస్తావురా? ముందు సంపాదన చూసుకో" అన్నాను. బాధ్యత గల గురువు మాట్లాడవలసినట్లే మాట్లాడానని ఆనాడు లోలోపల తృప్తి కూడా పడ్డాను.

అతడు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారపు నాణ్యతా విభాగంలో చేరాడు. నెలకు 7,000 రూపాయలు. ఆ సంవత్సరం సీఎస్‌ఐఆర్–యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు నెలకు 16,000 రూపాయలు ఉండేది; ఇంటి అద్దె భత్యం అదనం. తండ్రి మీద భారమని నేను ఏ చదువును ఆపానో, ఆ చదువు అతనికి ఉద్యోగం కంటే రెట్టింపుకు పైగా ఇచ్చేది. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

ఎందుకు తెలియలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నేను భాష మనిషిని కనుక నింద కొంత ఒక మాట మీదకు నెట్టాలని చూశాను. స్కాలర్‌షిప్పును మనం తెలుగులో "ఉపకార వేతనం" అంటాము. మా బడిలో ఆ మాట వినగానే ఏటా ఒకసారి వచ్చే కొన్ని వందల రూపాయలు, దానికోసం తాలూకా కచేరీ చుట్టూ తిరిగే ప్రదక్షిణలు, ఆదాయ ధ్రువపత్రం, అతుకులు వేసిన బ్యాంకు పుస్తకం కళ్లముందు మెదులుతాయి. ఎవరో దయతలచి చేసే ఉపకారం. ఫెలోషిప్పు అన్నా మన చెవులకు అదే వినబడుతుంది. పరిశోధకునికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చేది అతడు చేసే పనికి ప్రతిఫలమనే భావం ఆ "ఉపకారం"లో ఎక్కడా లేదు. "పరిశోధన భృతి" అని కొందరు వ్రాస్తారు. ఈ రోజుల్లో భృతి అనగానే జనానికి నిరుద్యోగమే స్ఫురిస్తుంది. మంచి మాట కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. అయితే మిత్రులారా, మాట మీద నింద మోపి నేను తప్పించుకోలేను. తెలియనప్పుడు "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనడానికి ఏ నిఘంటువూ అక్కరలేదు కదా!

పన్నెండేళ్ల తర్వాత అదే అరుగు మీద మరొక తండ్రి, మరొక బిడ్డ కూర్చున్నారు. ఆయన గులాబీ తోటలో పనిచేస్తాడు. మా ప్రాంతపు గులాబీలు విమానమెక్కి దేశాంతరాలకు పోతాయి. వాటిని కోసే చేతులు మాత్రం ఇక్కడే ఉంటాయి. అమ్మాయి పదవ తరగతి వరకు మా దగ్గర తెలుగులో చదివి, ప్రభుత్వ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు పూర్తిచేసింది. చేతిలో ఒక ప్రకటన కాగితం ఉంది. బయోసెన్సర్లు, చేతిలో ఇమిడే వైద్య పరీక్షా పరికరాల మీద బెంగళూరులోని ఒక సంస్థలో పీహెచ్‌డీ స్థానాలు. తండ్రి సూటిగా అడిగాడు: "అయ్యవారూ, ఇది సదువా, పనా? సదువైతే దుడ్డు మేము కట్టాల. పనైతే వాళ్లు మాకియ్యాల. ఈ పాప రెండూ అంటాది."

ఈసారి నేను తొందరపడలేదు. రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రెండు రోజుల్లో తెలుసుకున్నదీ, తర్వాత తెలిసివచ్చినదీ మీకు చెబుతాను. 2023 జనవరి నుండి ఈ ఫెలోషిప్పు మొదటి రెండేళ్లు నెలకు 37,000, పనితీరు సమీక్షించిన తరువాత 42,000 రూపాయలు. మొత్తం మీద అయిదేళ్ల వరకు ఇస్తారు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ సాధించినవారికే కాక, గేట్ అర్హతతో ఐఐటీలలోనో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనో పీహెచ్‌డీలో చేరినవారికి విద్యామంత్రిత్వ శాఖ ఇచ్చేది కూడా ఈ లెక్కనే. ఇంజనీరింగు పట్టభద్రులు ఎం.టెక్. లేకుండా నేరుగా చేరే మార్గం కూడా చాలాచోట్ల ఉంది. 2018లో మొదలైన ప్రధానమంత్రి పరిశోధక ఫెలోషిప్పులో అయితే 70,000 నుండి 80,000 వరకు నిర్ణయించారు. 2025–26 కేంద్ర బడ్జెట్టులో ఆ పథకం క్రింద అయిదేళ్లలో 10,000 ఫెలోషిప్పులు ఇస్తామని ప్రకటించారు. సంస్థకు కట్టవలసిన రుసుము కొంత ఉంటుంది, నిజమే. కాని అది ఆ వచ్చే సొమ్ములోనే సర్దుబాటు చేసుకోగలిగినంత.

"అయితే పనే" అన్నాడు తండ్రి. "అయిదేండ్ల పని. తరవాత?" ఈ తరువాతి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పీహెచ్‌డీ చేసినవారందరికీ తగిన కొలువులు దొరుకుతున్నాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కాని ఈ రంగపు తీరు కొంత వేరు. ఎందుకో చెప్పాలంటే ఆ అమ్మాయి తల్లి దగ్గరకు వెళ్లాలి.

ఆమెకు చక్కెర వ్యాధి. ఆరోగ్య కేంద్రంలో మీటరు చూపిన అంకె ఒకటి, అదే పూట బయటి ప్రయోగశాలలో వచ్చిన అంకె మరొకటి. కూతురు ఇంటికి తెచ్చిన మీటరులో మూడవది. "ఏది నిజం?" అని తల్లి అడిగిన ప్రశ్న నుంచే ఈ అమ్మాయి ఆసక్తి పుట్టింది. మనం రోజూ చూసే ఆ స్ట్రిప్పులో జరిగేది ఇది. ఒక చుక్క రక్తం సన్నని సందులోకి దానంతటదే పాకుతుంది. అక్కడ పూసి ఉంచిన ఎంజైము గ్లూకోజును పట్టుకుని దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. వాటిని మోసుకుపోయే మధ్యవర్తి పదార్థం మరొకటి ఉంటుంది. అది ఎలక్ట్రోడుకు చేరుస్తుంది. పుట్టిన విద్యుత్తు ఎంతో కొలిచి మీటరు అంకెగా మారుస్తుంది. ఎంజైమును ఎలక్ట్రోడుతో జతచేయాలనే ఆలోచనను లేలండ్ క్లార్కు, చాంప్ లయన్సు 1962లో ప్రచురించారు. అది కలమంత మీటరై అంగడికి రావడానికి 1987 దాకా పట్టింది. ఇరవై అయిదేళ్లు! ఒక ఆలోచన ప్రయోగశాల నుంచి రోగి చేతికి నడిచి రావడానికి పట్టే ఆ కాలంలోనే పరిశోధక విద్యార్థుల జీవితాలు గడుస్తాయి.

మరి అంకెలు ఎందుకు వేరుగా వచ్చాయి? ఇంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 2013 నాటి ఆ ప్రమాణం ప్రకారం గ్లూకోజు 100 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు అసలు విలువకు 15 శాతం అటూఇటూ ఉంటే చాలు. అంటే రక్తంలో 200 ఉంటే 170 చూపినా, 230 చూపినా మీటరు పరీక్షలో నెగ్గినట్లే. ఇంకొక సంగతి నన్ను మరీ ఆపివేసింది. రక్తహీనత ఉన్నవారిలో ఎర్రకణాలు తక్కువ కనుక స్ట్రిప్పు మీద ద్రవభాగం ఎక్కువై, చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చక్కెర చూపుతాయి. మా తోటల్లో, పొలాల్లో కూలికి పోయే ఆడవాళ్లలో రక్తహీనత లేనివారిని వెతుక్కోవాలి. డబ్బా మూత సరిగా పెట్టకపోయినా, తేమ తగిలినా, ఎండలో ఉంచినా స్ట్రిప్పు పాడవుతుంది. రేకుల ఇంట్లో వేసవి మధ్యాహ్నం దాన్ని ఎక్కడ దాచమంటారు?

తల్లికి వైద్యుడు చెప్పిన మందు మోతాదు ఈ అంకెల మీదే ఆధారపడి ఉంది. కాబట్టి ఎర్రకణాల ప్రభావాన్ని కూడా అదే స్ట్రిప్పులో కొలిచి అంకెను సరిదిద్దడం, ఎండకు తట్టుకునే ఎంజైము పూతలు, ఒకే చుక్కలో చక్కెరతోపాటు మూత్రపిండాల స్థితిని కూడా చెప్పే పరికరాలు – వీటన్నిటి మీదా పని జరుగుతూనే ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఊపిరి పోసుకున్న పాత్‌శోధ్ అనే చిన్న సంస్థ చేతిలో పట్టే ఇటువంటి పరికరాన్నే తయారుచేసింది. క్షయ పరీక్షకు బ్యాటరీతో నడిచే ట్రూనాట్ యంత్రం వెనుక ఉన్నది గోవాలోని మోల్‌బయో, బెంగళూరులోని బిగ్‌టెక్. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఆమోదించింది. ఆ యంత్రం ఇప్పుడు పెద్దాసుపత్రి లేని ఊళ్లకు కూడా చేరుతోంది. తండ్రి అడిగిన "తరవాత?"కు నేను చూపగలిగినవి ఇవి. రంగం చిన్నదే, కాని దాని అంచున కర్మాగారాలు, ఆసుపత్రులు ఉన్నాయి.

ఈ రంగంలోకి ఒకే ద్వారం నుంచి రావాలని లేదు. పూత పూయడానికి రసాయనశాస్త్రం తెలిసినవాడు కావాలి, అతి స్వల్ప విద్యుత్తును కొలవడానికి ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు కావాలి, రోగాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలు తయారు చేయడానికి జీవశాస్త్రం, సన్నని కాలువలో ద్రవం నడక లెక్కగట్టడానికి యాంత్రికశాస్త్రం. 2011లో నేను వెనక్కి పంపిన కుర్రవాడు చదివిన రసాయనశాస్త్రం ఈ పనికి గుండెకాయ వంటిది. తమిళనాడులో ఉన్న మనవారికి కారైక్కుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది. ఒడిశా మిత్రులకు రూర్కెలా ఎన్‌ఐటీలో జీవసాంకేతిక, వైద్య ఇంజనీరింగు విభాగం, మహారాష్ట్ర వారికి ఐఐటీ బొంబాయి ఉన్నాయి. యానాం వారికి హైదరాబాదు ఐఐటీలోని బయోమెడికల్ విభాగం మరీ దూరం కాదు.

యానాం అన్నాను కనుక, పక్కనున్న కాకినాడ గుర్తుకు వస్తోంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లడానికి అండగా నిలిచినవి మామగారు సమకూర్చిన ధనం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట. అక్కడికి చేరాక పూట గడవడానికి ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. అంతటి మేధావికి కూడా పరిశోధన చేయాలంటే మొదట ధర్మం, ఆపైన రెక్కల కష్టం! 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతి శరీరద్రవాలలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచేది. రంగును అంకెగా మార్చడం. కాగితం మీద చుక్క వేసి, రంగు మారితే ఫోను కెమెరాతో చదివే నేటి పరీక్షలకు అది పెద్దమ్మ వరుస అవుతుందని నేను తరగతిలో చెబుతుంటాను. పిల్లలు నవ్వుతారు, కాని మరిచిపోరు.

ఇక ప్రవేశ పరీక్షలు. సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, గేట్ ఫిబ్రవరిలో ఒక్కసారి. గేట్‌లో 2020 నుండి బయోమెడికల్ ఇంజనీరింగు పత్రం కూడా చేర్చారు. జేఆర్‌ఎఫ్‌కు వయఃపరిమితి ఉంది. వెనుకబడిన వర్గాలకు, స్త్రీలకు సడలింపు ఉంది. గేట్ ప్రశ్నపత్రం ఆంగ్లంలో మాత్రమే, నెట్ ఆంగ్లంలోనూ హిందీలోనూ. తెలుగు లేదు. ఇంట్లో తెలుగు, 2006 నాటి చట్టం వలన బడిలో తమిళం, సంతలో కన్నడం నేర్చిన మా పిల్లకు నాలుగవ భాషలో పరీక్ష. ఇది అన్యాయమని నేను ఎన్ని వ్యాసాలైనా వ్రాయగలను, వ్రాశాను కూడా. అయితే ఆ అమ్మాయి నా వ్యాసాల కోసం ఆగలేదు.

చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నకు ఇక్కడే సమాధానం చెబుతాను: భాషాపరమైన మైనారిటీ పత్రంతో ఈ ఫెలోషిప్పులు రావు. మౌలానా ఆజాద్ పేరిట ఉన్న ఫెలోషిప్పు మతపరమైన మైనారిటీలకు ఉద్దేశించినది, దానిని కూడా 2022లో నిలిపివేశారు. షెడ్యూల్డు కులాల, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్పులు ఉన్నాయి. విదేశాల సంగతి క్లుప్తంగా: స్వీడన్, నెదర్లాండ్స్ వంటి దేశాలలో పీహెచ్‌డీ విద్యార్థిని సాధారణంగా ఉద్యోగిగానే నియమిస్తారు, ఒప్పందపత్రం మీద జీతం ఇస్తారు. ఐరోపా సమాఖ్య నడిపే మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్కులలో కూడా అంతే. మన తండ్రి అడిగిన ప్రశ్నకు అక్కడ చట్టమే జవాబు చెప్పింది. "సీటు ఖాయం, ముందు లక్ష కట్టండి" అనే ఫోను వస్తే మాత్రం అది ఏ దేశం పేరు చెప్పినా పెట్టేయండి.

ముఖాముఖికి ముందు నెల రోజులు ఆ అమ్మాయి ఆదివారాలు మా ఇంటికి వచ్చింది. నాకు సెన్సర్లు తెలియవు. నేను చేసింది ఒక్కటే. "నాకు అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పమ్మా" అన్నాను. మొదటి వారం తెలుగులో చెప్పలేక తడబడింది. అప్పుడే ఆమెకు స్వయంగా తెలిసింది, ఆంగ్లంలో కంఠస్థం చేసిన కొన్ని వాక్యాల వెనుక తనకు అర్థం లేదని. మధ్యవర్తి పదార్థం దేనికి, ఎంజైము ఎలక్ట్రాన్లను నేరుగా ఎలక్ట్రోడుకు ఎందుకు ఇవ్వలేదు అని అడిగితే పుస్తకాలు తిరగేసింది. మూడవ వారానికి తెలుగులో గడగడా చెప్పి, వెంటనే అదే విషయం ఆంగ్లంలో చెప్పింది. మాతృభాషలో బోధన గురించి నేను సభలలో చెప్పే మాటలకు ఇంత చక్కని సాక్ష్యం నాకు మునుపెన్నడూ దొరకలేదు. ముఖాముఖిలో ఆమెను తల్లి మీటరు గురించే ఎక్కువసేపు అడిగారట. మొదటి సంస్థ తీసుకోలేదు. రెండవది తీసుకుంది. 2024 ఆగస్టులో చేరింది.

అంతా సుఖాంతమని అనుకోకండి. చేరిన తర్వాత మూడు నెలలు పైసా రాలేదు. కాగితాలు ఎక్కడో ఒక బల్ల మీద ఉన్నాయన్నారు. ఫెలోషిప్పులు ఆలస్యంగా అందడం దేశమంతటా పరిశోధక విద్యార్థులు మొరపెట్టుకునే విషయమే. హాస్టలు భోజనం డబ్బుకు తండ్రి అప్పు చేశాడు. "పని చేయించుకుని కూలి ఇయ్యకపోతే మా తోటలో అయితే గలాటా జరిగుండు" అన్నాడు నాతో. అవును, అది కూలి గనుకనే ఆలస్యం తప్పు. ఉపకారమనుకుంటే అడగడానికే నోరు రాదు. మీ పిల్లలు చేరినప్పుడు మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమని చెప్పండి; అది లేదని చదువు మాత్రం ఆపకండి.

నవంబరులో బకాయి అంతా ఒక్కసారి పడింది. తండ్రి బ్యాంకు పుస్తకంలో అచ్చువేయించుకుని తిన్నగా బడికే వచ్చాడు. బిడ్డ పంపిన సొమ్ము ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించాడు. మేమిద్దరం కాసేపు ఆ వరుసనే చూస్తూ నిలబడ్డాము.

2011 నాటి కుర్రవాడిని ఆ నెలలోనే సంతలో కలిశాను. ఇప్పుడతను పర్యవేక్షకుడు, ఇద్దరు పిల్లలు. అన్నీ చెప్పి, "నేను నీకు తప్పు చెప్పానురా" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "తెలిసినా ఏం చేసేవాడినో సార్, అప్పుడు చెల్లెలి పెళ్లి ఉంది కదా" అన్నాడు. తర్వాత, "ఆ అమ్మాయి ఏ ఎలక్ట్రోడు మీద చేస్తోంది, కార్బనా, బంగారమా?" అని అడిగాడు. నాకు తెలియలేదు. కనుక్కుని చెబుతానన్నాను.

వచ్చే శనివారం ఆమె మా తొమ్మిది, పది తరగతులతో మాట్లాడడానికి వస్తోంది. మీటరు, స్ట్రిప్పులు తెస్తానంది. పిల్లల వేళ్లు గుచ్చడానికి వీల్లేదని ప్రధానోపాధ్యాయులు ముందే ఆంక్ష పెట్టారు కనుక, గుచ్చేది నా వేలే. అతడిని కూడా రమ్మన్నాను. సెలవు దొరికితే వస్తానన్నాడు.